చాటింపు ధర్మము

పని చేయువానికి మాటలతో పనిలేదని మన పెద్దల అభిప్రాయము. వ్యక్తి విషయమున ఇది మంచి నియమమే. చేసిన దానమును చాటుకొనువానిని మనము మెచ్చము. చేయబోవు దానమును ముందుగానే చాటుకొనువానిని అసలే మెచ్చము. అయితే ఊరి పనులు చేయు కార్యాలయముల విషయమున, అనగా బాటలు, వంతెనలు, మురుగు కాలువలు, చెరువు తూములు మున్నగువాని బాగోగులు చూచు మరామతు శాఖల విషయమున, ఈ నియమము చెల్లునా యని నా సందేహము. వారు పని చేసిన చాలునా? చేయబోవు పనిని, చేయలేని పనిని, ఆలస్యమగు పనిని గూర్చి పౌరులకు ముందుగా తెలుపుట కూడ వారి పనిలో చేరినదేనా? తెలుపుట మర్యాదయా, ఋణమా? మర్యాద యైనచో తెలుపకున్నను నేరము లేదు. ఏదో మొరటుతన మనుకొని ఊరకుందుము. ఋణమైనచో తెలుపనివాడు బాకీదారుడు. ఈ రెంటికిని గల భేదము సామాన్యమైనది కాదు.

ఈ విచారమునకు నేను గ్రహించిన ఉదాహరణము మన ఎండల దేశమునకు దూరమైనది. శీతల దేశములలో వీధులపై పడు మంచును తొలగించుటను గూర్చి అచ్చటి మరామతు శాఖలు పౌరులతో జరుపు సంభాషణమే అది. మనకేల ఈ మంచు గొడవ యని పాఠకులు విసుగుకొనవలదు. ఈ సంచికను చదువు కుటుంబములలో కొడుకో, మనుమరాలో, మేనల్లుడో అమెరికాలోనో కెనడాలోనో లేని కుటుంబములు కొద్ది. జనవరి మాసమున వారు టెలిఫోనులో మాటలాడుచు, "ఉంటాను నాన్నా, మంచు పడుతోంది, కారు తీసి అవతల పెట్టాలి" అని హడావుడిగా సెలవు తీసికొనుట మనలో పలువురకు అనుభవమే. కారు ఎందుకు తీయవలెను, తీయుమని ఎవరు చెప్పిరి, తీయకున్న నేమగును అని అడిగి తెలిసికొన్నచో అందులో ఒక చిన్న ధర్మశాస్త్రమే కనబడును.

మంచును వానవలె భావింపరాదు. వాన కురిసి పారిపోవును. మంచు కురిసి కూర్చుండును. త్రొక్కిన కొలది గట్టిపడి, రాత్రి చలికి గాజువలె నునుపై, మనుష్యులను బండ్లను జారవేయును. కావున పడిన కొలది గంటలలోనే దానిని ప్రక్కకు తోయవలెను. ఇందుకై ముందు భాగమున పెద్ద ఇనుప పలక బిగించిన లారీలు కలవు. ఆ లారీ వీధి అంచు వరకు పోవలెనన్న ఆ అంచున కార్లు నిలిచియుండరాదు. ఒక్క కారు నిలిచియున్నను లారీ దానిని చుట్టివచ్చును. చుట్టివచ్చిన చోట మంచు గుట్టగా మిగులును. మరునాటికి ఆ గుట్ట బండరాయి యగును. శీతకాలమంతయు ఇట్లు జరిగినచో ఫిబ్రవరి నాటికి వీధి వెడల్పు సగమై, మంటలార్పు బండి గాని, రోగులను గొనిపోవు బండి గాని దూరుటకు వీలులేకపోవును.

ఇందులోని విశేషము గమనింపుడు. పౌరుడు తన కారు తీసిననేగాని శాఖ తన పని చేయజాలదు. ఆసుపత్రిలో రోగి కదలక పడుకొన్నను వైద్యుడు శస్త్రము చేయగలడు. ఇచ్చట అట్లు కాదు. పౌరుడు ఫలము ననుభవించువాడు మాత్రమే కాడు, పనిలో సగపాలు వాడు. సగపాలు వానికి చెప్పక పని మొదలిడువాడు మొరటువాడు మాత్రమే కాడు, తెలివి తక్కువవాడు కూడ. కావున తెలుపుట పనికి పైపూత కాదు, పనిలో మొదటి అంకము.

అమెరికాలోని మినియాపోలిస్ నగరపు పద్ధతిని గూర్చి నేను కొంత వివరముగా తెలిసికొంటిని. ఎక్కువ మంచు పడినప్పుడు ఆ నగరమున "స్నో ఎమర్జెన్సీ" యని ప్రకటింతురు. ఆ ప్రకటనము సాయంకాలము 6 గంటలలోపుగా వెలువడును. మొదటి దినమున రాత్రి 9 గంటలు మొదలు మరునాటి ఉదయము 8 గంటల వరకు ముఖ్య వీధులలో ఇరువైపులను బండ్లు నిలుపరాదు. రెండవ దినమున ఉదయము 8 మొదలు రాత్రి 8 వరకు తక్కిన వీధులలో సరిసంఖ్య గల యిండ్ల వైపు నిలుపరాదు. మూడవ దినమున అదే వేళలలో బేసి సంఖ్య గల యిండ్ల వైపు నిలుపరాదు. సరి, బేసి తెలిసిన బాలునికి కూడ ఇది అర్థమగును. ఎన్ని అంగుళముల మంచు పడినది, ఉష్ణోగ్రత ఎంత, ఎన్ని లారీలు బయలుదేరినవి అను లెక్కలు ఇందులో ముఖ్యములు కావు. నీవు ఈ రాత్రి నీ బండిని ఎచ్చట నిలుపరాదు అన్న ఒక్క మాటయే ముఖ్యము. కార్యాలయపు భాషలో తరతరములుగా నలిగినవారికి ఈ క్లుప్తత ఎంత కష్టసాధ్యమో తెలియును. మన నోటీసులు "ఇందుమూలముగా సమస్త జనులకు తెలియజేయడమేమనగా" అని మొదలై, మూడు చట్టములను, రెండు ఉత్తరువులను ఉదహరించి, చదువరి అలసిపోయిన పిదప గాని విషయమునకు రావు.

ఇంకొక సంగతి. మినియాపోలిస్‌లో ఈ మంచు వార్తలు చెప్పు టెలిఫోను ఒకటి కలదు. అందులో ఇంగ్లీషే కాక స్పానిషు, మాంగ్, సోమాలీ భాషలలో కూడ విషయము వినవచ్చును. మాంగ్ జనులు 1975 తరువాత లావోస్ దేశపు కొండల నుండి శరణార్థులై వచ్చినవారు. సోమాలీలు ఆఫ్రికా ఎండల నుండి వచ్చినవారు. వీరి తాతముత్తాతలు వీధిలో మంచు చూచి యెరుగరు. మంచు పడిన రాత్రి కారు తీయవలెనన్న జ్ఞానము వారికి పుట్టుకతో వచ్చునది కాదు. తెలియనివానికి తెలియు భాషలో చెప్పిననే చెప్పినట్లని ఆ నగరము ఒప్పుకొన్నది. మనవంటి వారికి ఈ విషయము మనస్సునకు తగులును. దీనికి మరల వచ్చెదను.

కెనడాలోని మాంట్రియాల్ పద్ధతి వేరు. అచ్చట ఏటేట సుమారు రెండు మీటర్ల మంచు పడును. తోసిన మంచును గుట్టలుగా విడువక లారీల కెత్తి వేరుచోటికి తరలింతురు. అందుకు ముందుగా వీధిలో నారింజ రంగు పలకలు నాటి, ఏ వేళలలో బండి నిలుపరాదో తెలుపుదురు. అంతటితో ఊరకుండరు. పని మొదలగుటకు ముందు బండ్లను లాగివేయు వాహనము ఒక వింత కూత కూయుచు వీధి వెంబడి తిరుగును. నిద్రలో నున్నవాడు ఆ కూత విని, కోటు తగిలించుకొని, తాళపు చెవితో పరుగెత్తును. ఫ్రెంచి వారికిని ఇంగ్లీషు వారికిని భాష విషయమున తగవులు గల ఆ నగరమున ఈ కూతకు మాత్రము భాష లేదు. ఇది చదివినప్పుడు నాకు మన గ్రామముల టముకు స్మరణకు వచ్చినది. తలారి వీధి వీధి మొగదలను నిలిచి టముకు కొట్టి, "రేపు పొద్దున కాలవ కట్టేస్తున్నారహో" అని చాటెడివాడు. ఆ పద్ధతిలో ఒక సుగుణము కలదు. చాటినవాడు ఎదుట నిలిచియుండును. "ఎన్నాళ్లురా అబ్బీ?" అని అరుగు మీది ముసలివాడు అడుగవచ్చును. తెలిసినచో చెప్పును, తెలియకున్న "కరణంగారిని అడిగి చెప్తాను బాబయ్యా" అనును. గోడకు అంటించిన కాగితము ఆ పాటి జవాబైనను చెప్పదు.

గోడ కాగితము మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. నేను ఉద్యోగము చేసిన ఒక పట్టణమున, దాని పేరెందుకు, మా వీధిలో మురుగు కాలువ వెడల్పు చేయుటకై ఒకనాటి ఉదయము కూలీలు వచ్చి ఇండ్ల ముందరి మెట్లను పగులగొట్ట నారంభించిరి. మా యింటి కెదుట ఒక వృద్ధురాలు ఒంటరిగా కాపురముండెడిది. మన భాష తప్ప వేరు భాష చదువ నేర్వనిది. మెట్టు లేక ఆమె గడప దిగుటకే లేదు. పనిచేయించుచున్న ఓవర్సీరు తెలుగు కొంత తెలిసినవాడు, మర్యాదస్థుడే. "నోటీసు అంటించామమ్మా, పదిహేను రోజులైంది" అన్నాడు.

"ఎక్కడ అంటించారు నాయనా?"

"ఆఫీసు గోడకమ్మా."

"నేను ఆఫీసు గోడ దగ్గర కాపురముంటున్నానా నాయనా?"

అతడు నిరుత్తరుడాయెను. చట్టము ప్రకారము అతనిది తప్పు కాదు. ఫైలులో "అతికించి జారీ చేయడమైనది" అని వ్రాసి, తేదీ వేసి, ఇద్దరు సాక్షుల సంతకములు తీసికొనియుందురు. గుమాస్తా పనిలో నున్నవారందరికిని ఈ వాక్యపు మహిమ తెలియును. ఆ వాక్యము పడినంతనే ఆ నోటీసు లోకములోని సమస్త జనులకు తెలిసినట్లే. చట్టమునకు ఇట్టి ఊహ అవసరమే. ప్రతివాడును "నాకు తెలియదు" అన్నచో ఏ పనియు జరుగదు. కాని అవసరము కొరకు కల్పించుకొన్న ఊహను నిజమని నమ్ముట వేరొకటి. నోటీసు రెండు పనులకు ఉపయోగపడును. రేపు కోర్టులో కార్యాలయమును కాపాడుటకు ఒకటి. నేడు వీధిలో మనుష్యుని మేల్కొల్పుటకు ఒకటి. మొదటి పనికి వ్రాసిన నోటీసు రెండవ పనికి సాధారణముగా పనికిరాదు. రెండవ పనికి వ్రాసినది మొదటి పనికి కూడ పనికివచ్చును. అయినను కార్యాలయములు మొదటిదానినే వ్రాయుటకు అలవాటు పడినవి.

ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న కలదు. మంచు నగరములలో కారు తీయనివాని కారును లాగుకొనిపోయి జరిమానా వేయుదురు. కొత్తగా వచ్చినవాడు, భాష రానివాడు, రాత్రి కర్మాగారమున పనిచేసి పగలు నిద్రించువాడు ప్రకటన వినలేదు. అతని కారు పోయినది. కారు లేక ఉద్యోగమునకు పోలేడు. విడిపించుకొనుటకు కట్టవలసినది వారము దినముల కూలియైనను కావచ్చును. ఇది న్యాయమా? "ఒక్కని కొరకు వీధి వీధి అంతయు ఆగవలెనా? అంబులెన్సు రాక ఎవడైన చనిపోయిన ఎవరిది బాధ్యత?" అని శాఖ వారు అడుగుదురు. ఈ ప్రశ్న బలమైనదే. నాకు తోచిన సమాధాన మేమనగా, అడ్డము తొలగించుట వేరు, దండించుట వేరు. అడ్డము తొలగించుటకు వాని మనస్సులో నేమున్నదో విచారింప నక్కరలేదు. త్రోవలో పడిన చెట్టును తొలగించునట్లు తొలగింపవచ్చును. దండనము అట్లు కాదు. తెలిసి చేయనివానికే దండనము చెల్లును. తెలియుటకు తగిన యత్నము తాను చేసితినని శాఖ చూపగలిగినప్పుడే జరిమానా అడుగు అధికారము దానికి కలుగును. మాంట్రియాల్‌లో పెక్కు పర్యాయములు బండిని దగ్గరి వీధికి లాగి అచ్చట విడిచిపెట్టుదురు. ఇది నాకు నచ్చినది. జరిమానా మాత్రము అచ్చటను తప్పదు. అయినను కూత కూసి, పలక నాటి, ఆపై అడుగుచున్నారు గనుక వారి మాటకు బలము కలదు.

తెలుపకపోవుట ఒక దోషము. తప్పు తెలుపుట అంతకంటె పెద్ద దోషము. దీనికి షికాగో నగరపు కథ సాక్ష్యము. 1979 జనవరి 13, 14 తేదీలలో అచ్చట సుమారు 20 అంగుళముల మంచు పడినది. అప్పటికే నేలపై మంచు నిలిచియుండుటచే అంతయు కలిసి 29 అంగుళములైనది. అప్పటి మేయరు మైకేల్ బిలాండిక్. వీధులలోని కార్లను తీసి పాఠశాలల ఆవరణములలో పెట్టుకొనుడు, ఆ స్థలములను శుభ్రము చేసియుంచితిమని ప్రకటన వెలువడినది. జనులు కష్టపడి తమ కార్లను మంచు నుండి త్రవ్వితీసి అచ్చటికి పోయి చూచినచో, ఆ ఆవరణములలో పెక్కు మంచుతో నిండియే యుండెను. అంతకు తోడు ఊరి రైళ్లు కొన్ని స్టేషనులలో ఆగక పోసాగినవి. ఆ స్టేషనులు పెక్కు నల్లవారు నివసించు పేటలవి. చలిలో వేదికపై నిలిచినవాని ముందు నుండి రైలు పోవుచుండును. ఆ ఫిబ్రవరి 27 నాడు జరిగిన పార్టీ ఎన్నికలో బిలాండిక్ ఓడిపోయి, జేన్ బర్న్ గెలిచినది. ఏప్రిలులో ఆమె షికాగోకు మొదటి మహిళా మేయరైనది.

మంచు ఎవరికిని లొంగదని షికాగో వారికి తెలియదా? వారు ఆ నగరమున పుట్టి పెరిగినవారు. 20 అంగుళముల మంచు ఒక్క రాత్రిలో పోదని ఎరిగినవారే. లారీలు రాకున్న కొంత ఓర్చుకొని యుందురు. మా వీధి సంగతి మాకు తెలిసియుండగా మేయరు వేరొకటి చెప్పుచున్నాడే యన్నది వారి కోపము. పని చేయలేనివానిని మనుష్యులు జాలితో చూడగలరు. తమ కన్నులను నమ్మవద్దని చెప్పువానిని క్షమింపరు. శుభ్రము చేయని ఆవరణమునకు కారు తోలుకొనిపోయినవాడు ఒక్క శ్రమనే కాదు, ఒక నమ్మకమును కూడ పోగొట్టుకొనెను. అటుపై నిజమే చెప్పినను అతడు ఆలకింపడు. కార్యాలయపు మాట నాణెము వంటిది; దొంగనాణెము ఒకటి చెలామణి యైనచో మంచి నాణెమును కూడ రాతిపై కొట్టి చూతురు.

దీనికి పదేండ్లకు ముందు, 1969 ఫిబ్రవరి 9, 10 తేదీలలో న్యూయార్కు నగరమున 15 అంగుళముల మంచు పడినది. అంత పడునని వాతావరణ శాఖ వారు ముందుగా చెప్పలేకపోయిరి. శాఖ యంత్రములలో పెక్కు బాగుచేయక మూలబడియుండెను. నడి నగరపు వీధులు బాగుపడినవి గాని క్వీన్స్ అను ప్రాంతమునకు దినములు గడచినను లారీలు రాలేదు. ఐక్యరాజ్యసమితిలో ఉన్నతోద్యోగి, 1950లో నోబెల్ శాంతి బహుమానము పొందిన రాల్ఫ్ బంచ్ ఆ ప్రాంతముననే నివసించుచుండెను. మా వీధికి లారీ రాలేదని ఆయనయే మేయరుకు తంతి పంపవలసి వచ్చెను. ఆ మంచులో 42 మంది చనిపోయిరి. వారిలో సగము మంది క్వీన్స్ వారు. మేయరు జాన్ లిండ్సే చూడబోయినప్పుడు జనులు అరచి వెళ్లగొట్టినంత పని చేసిరి. నోబెల్ బహుమానము గలవాడు తంతి పంపగలడు. పంపలేనివారి మాట ఏమి?

ఇచ్చటనే వరుస ప్రశ్న వచ్చును. అన్ని వీధులను ఒక్కసారి బాగుచేయుట ఏ నగరమునకును సాధ్యము కాదు. ముందు ఆసుపత్రుల త్రోవలు, బస్సు త్రోవలు, పిదప పెద్ద వీధులు, చివరకు సందులు. ఈ వరుస న్యాయమైనదే. కాని వరుస చెప్పనిచో న్యాయమైన వరుస కూడ పక్షపాతముగా కనబడును. "మేయరు ఇంటి వీధి ముందు బాగుపడినది" అని పుకారు పుట్టును. పెండ్లి విందులో కడపటి పంక్తి వానికి "మీకు మూడవ పంక్తి, ఇంకొక గంట పట్టును" అని చెప్పినచో తాంబూలము నమలుచు కూర్చుండును. చెప్పకున్నచో ఆ ఇంటివారిని తిట్టుకొనుచు లేచిపోవును. మీ వీధి కడపటిది, రేపు సాయంకాలము వరకు రాలేము అని చెప్పుటకు ధైర్యము కావలెను. అది చేదుమాటయే. కాని ఆ చేదుమాట విన్నవాడు మందులు ముందే తెచ్చుకొనును, పని కొక పూట సెలవు పెట్టుకొనును, తల్లిని అన్నగారి ఇంటికి పంపుకొనును. తీపిమాట విన్నవాడు కిటికీ కడ కూర్చుండి ఎదురుచూచును.

ఇటీవలి కాలమున ఈ విషయమున ఒక మార్పు వచ్చినది. షికాగో వారు 2012 నుండి, న్యూయార్కు వారు 2013 నుండి మంచు లారీలు ఎచ్చట తిరుగుచున్నవో పటముపై చూపుచున్నారు. పౌరుడు ఇంట కూర్చుండి చూచుకొనవచ్చును. న్యూయార్కులో 2010 డిసెంబరు మంచునాడు ఎమర్జెన్సీ ప్రకటింపకపోవుటచే బస్సులు, అంబులెన్సులు వీధులలో చిక్కుకొన్నవి. ఆ చేదు అనుభవము కొంత ఇందుకు కారణము. పటము మంచిదే. కాని లారీ పోయినదని పటము చూపును. మంచు పోయినదని చూపదు. యంత్రము చెప్పునది వార్త. మనిషి చెప్పునది మాట. రెండును కావలెను.

పౌరుని నిత్యపు ఫిర్యాదు ఒకటి చెప్పెదను. వినుటకు నవ్వు వచ్చును గాని అనుభవించువానికి రాదు. ఇంటివాడు గంటసేపు పారతో తన కారు వాకిలి ముందరి మంచు తీసి నడుము పట్టుకొని లోనికి పోవును. వెంటనే శాఖ లారీ వచ్చి వీధిలోని మంచును తోసి, సరిగా ఆ వాకిలికి అడ్డముగా గట్టు వేసి పోవును. తన మీద కక్షతోనే చేసిరని వాని నమ్మకము. లారీ పలక మంచును ప్రక్కకే తోయగలదు, వాకిలి వచ్చిన చోట ఆపుట దానికి సాధ్యము కాదు. ఇందుకై మరామతు శాఖలు ఒక ఉపాయమును బొమ్మ వేసి పంచిపెట్టుచున్నవి. అచ్చట బండ్లు కుడిప్రక్కగా నడచును గనుక, ఇంటి ముందు వీధి వైపు తిరిగి నిలిచినచో లారీ ఎడమ నుండి వచ్చును. వాకిలికి ఎడమవైపున కొంత జాగా ముందే ఖాళీ చేసినచో లారీ మోసుకొనివచ్చు మంచు అందులో పడిపోవును. తీసిన మంచును కుడివైపున వేసికొనవలెను. ఒక్క బొమ్మతో కక్ష యనుకొన్నది కారణమైపోయినది. మంచు తగ్గలేదు; పగ తగ్గినది. దీనిని చిన్న ఫలమని నేననుకొనను.

మన దేశమునకు వత్తము. మనకు మంచు లేదు గాని నీరున్నది. 2015 డిసెంబరు 1వ తేదీ రాత్రి చెన్నై నగరమునకు పైనున్న చెంబరంబాక్కం జలాశయము నుండి 29,000 క్యూసెక్కుల వరకు నీరు అడయారు నదిలోనికి విడువబడినది. హెచ్చరించితిమని అధికారులు, మాకు అందలేదని నదీతీర వాసులు వాదించుకొనిరి. ఆ వాదములో నేను దిగను. ఒక్క మాట మాత్రము అడిగెదను. 29,000 క్యూసెక్కులన్న నేమి? సెకనునకు అన్ని ఘనపుటడుగుల నీరని ఇంజనీరు చెప్పును. సైదాపేటలో నేలమీది గదిలో పిల్లలతో నిద్రించు తల్లికి ఆ సంఖ్య అందినను ఆమెకు తెలిసినదేమి? నీరు మోకాలి వరకు వచ్చునా, దూలము వరకు వచ్చునా? ఏ గంటకు వచ్చును? పిల్లల నెత్తుకొని ఎటు పోవలెను? ఈ మూడింటికి జవాబు లేని హెచ్చరిక హెచ్చరిక కాదు, లెక్క.

దీనికి ఎదురుగా గోదావరిని చూడుడు. ధవళేశ్వరము ఆనకట్ట కడ నీటిమట్టము 11.75 అడుగులైన మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయిన రెండవది, 17.75 అయిన మూడవది. ఎగువన భద్రాచలము కడ 43, 48, 53 అడుగులు. ఇవియు సంఖ్యలే. కాని ఏటియొడ్డువారికి ఇవి తరతరముల పరిచయముచే మాటలైనవి. మొదటి హెచ్చరిక అనగానే లంకవాసి పశువులను విప్పును. రెండవదనగానే ధాన్యము అటక కెక్కించును. మూడవదనగానే నావ వెదకికొనును. 1986 ఆగస్టులో భద్రాచలము కడ మట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ నీరు ధవళేశ్వరము దాటి గౌతమి వెంబడి మన యానాము చేరును. యానాము పరిపాలనలో పుదుచ్చేరికి చెందినది. దాని నీరు ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చును. నది ఏలుబడి సరిహద్దు లెరుగదు గనుక హెచ్చరిక కూడ ఎరుగరాదు. ఈ విషయమున యానాము వారికి మనలో ఎవరికంటెను అనుభవ మెక్కువ. మినియాపోలిస్ వారి మూడు దినములును గోదావరి మూడు హెచ్చరికలును ఒకే బుద్ధి నుండి పుట్టినవి. విన్నవానికి చేయవలసిన పని వెంటనే తోచవలెను.

ఇక భాష మాట. మనము కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమలలో తరతరములుగా స్థిరపడినవారము. ఆయా సీమల భాషలను నేర్చితిమి. మన పిల్లలు వానిలోనే చదువుకొన్నారు. ఆ భాషలు మనకు పరాయివి కావు. ప్రతి నోటీసును తెలుగులో అచ్చువేయుడని కొట్లాడుట నాకు సమ్మతము కాదు. పన్ను రసీదు ఏ భాషలో నున్నను డబ్బు కట్టుట మనకు తెలియును. కాని అపాయపు మాట వేరు. నీరు వచ్చుచున్నది, తీగ తెగిపడినది, వంతెన దాటరాదు అన్న మాటలు మనిషికి మొదట నేర్చిన భాషలోనే గుండెకు తగులును. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సమయమున భారత ప్రభుత్వము భాషా అల్పసంఖ్యాకుల రక్షణకై ఒక జ్ఞాపికను వెలువరించినది. ఒక పురపాలక ప్రాంతమున గాని తాలూకాలో గాని ఒక అల్పసంఖ్యాక భాష మాటలాడువారు నూటికి 15 నుండి 20 మంది ఉన్నచో ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులను, నిబంధనలను ఆ భాషలో కూడ ప్రకటించుట మేలని అందులో చెప్పబడినది. ఆ సంవత్సరమే ఏడవ సవరణము ద్వారా రాజ్యాంగమున 350బి అధికరణము చేర్చబడి, భాషా అల్పసంఖ్యాకులకు ప్రత్యేకాధికారి ఏర్పడినాడు. 350వ అధికరణము ప్రకారము పౌరుడు తన కష్టమును కేంద్రమున గాని రాష్ట్రమున గాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను విన్నవించుకొనవచ్చును. అనగా మన మాట ప్రభుత్వమునకు చేరుటకు హక్కున్నది. ప్రభుత్వపు మాట మనకు చేరుట మాత్రము "మేలు" అన్న మాటతో నిలిచినది. ఒకటి హక్కు, ఒకటి హితవు. నేను మొదట వేసిన ప్రశ్న, మర్యాదయా ఋణమా యన్నది, ఇచ్చట కాగితముపైననే కనబడుచున్నది. అది ఎంతవరకు ఆచరణమునకు వచ్చినదో చెప్పుటకు ప్రతి ఊరివారికిని తమ అనుభవమే సాక్ష్యము.

నా అభిప్రాయము ఋణమనియే. మాంగ్ వారికి, సోమాలీలకు వారి భాషలో మంచు వార్త చెప్పుట మినియాపోలిస్ వారు చేసిన దయ కాదు. ఆ జనుల కార్లు తీయించుట వారికి అవసరము. ఆ జనుల నుండి జరిమానా వసూలు చేయుట వారికి అలవాటు. ఏ చేతితో పన్నును జరిమానాను పుచ్చుకొందురో ఆ చేతితోనే వార్తను అందింపవలెను.

చెప్పినదానిని వినవలసిన భారము మాత్రము పౌరునిది. మంచు నగరములలో లారీలు తోయునది వీధిని. ఇంటి ముందరి కాలిబాటను పెక్కు చోట్ల ఇంటివాడే బాగుచేసికొనవలెను. మినియాపోలిస్‌లో చిన్న ఇండ్లవారికి మంచు ఆగిన తరువాత 24 గంటల గడువు. ఆ గడువు నాటికి తన బాట బాగుచేసి ప్రక్కింటి ముసలివాని బాట చూడక లోనికి పోవువాడు చట్టము తప్పినవాడు కాడు. షికాగోలో ముసలివారి వాకిళ్ల మంచు తీయుటకు స్వచ్ఛందముగా పేరిచ్చుకొన్నవారి పట్టీని నగరమే ఉంచి, ఎవరి ఇంటికి ఎవరు పోవలెనో తెలియజేయుచున్నది. మెట్లు పగిలిన ఆ వృద్ధురాలికి రెండు నెలలు గడచినను కార్యాలయము మెట్టు కట్టలేదు. వీధిలోని పిల్లలు నాలుగు ఇటుకలు పేర్చి, పైన ఒక పలక వేసిరి. కొత్త మెట్టు వచ్చువరకు ఆమె దానిమీదుగానే దిగెడిది.